రైఫిల్ బరువు ఎంత ఉండాలి? ముందు మీరు ఎంత నడుస్తారో చెప్పండి

మా అక్క కొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు చేతికొచ్చిన నెలకే ఆఫీసు స్నేహితులతో కలిసి జింకల వేటకి వెళ్లాలని మొదలుపెట్టాడు. సంక్రాంతికి వైజాగ్ వచ్చినప్పుడు ఎంవీపీ కాలనీలో మా మేడ మీద కూర్చుని, ఫోన్లో ఒక రైఫిల్ ఫొటో చూపించి, "మావయ్యా, ఇది అయిదు పౌండ్లు కూడా లేదు, షాపులో పట్టుకుంటే పువ్వులా ఉంది, తీసేసుకోనా?" అన్నాడు. నేను కొలరాడోలో పదకొండేళ్లు ఉండి, ఏడు సీజన్లు ఎల్క్ అనే పెద్ద జింకల వెనకాల కొండలెక్కి, రెండు తప్పుడు రైఫిళ్లు కొని, ఒక కనుబొమ్మ చీల్చుకుని ఇంటికొచ్చిన మనిషిని. వాడికి ఆ సాయంత్రం చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది అమెరికాలో లైసెన్సు తీసుకుని వేటాడేవాళ్ల కోసం. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట అన్నది లేదు, కంబాలకొండలో దుప్పి కనిపిస్తే ఫొటో తీసుకుని రావడమే. అమెరికాలో కూడా హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ ముట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. కానీ ఇమ్మిగ్రేషన్ విషయం కాబట్టి మీ లాయర్ని అడక్కుండా అడుగు వేయకండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు, కొలరాడోలో 1949 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ చేసి తీరాలి. అంటే ఇది చదివే దాదాపు అందరూ. అది అయ్యాకే రైఫిల్ మాట.

మొదటి పని: షాపు బరువు మర్చిపోండి

షాపులో ఏ రైఫిలైనా తేలికే. ఏసీలో, రెండు నిమిషాలు, గురి చూసే దుర్భిణి లాంటి స్కోప్ లేకుండా, తూటాల్లేకుండా పట్టుకుంటారు కదా. కంపెనీవాళ్లు రాసే బరువు కూడా ఒట్టి రైఫిల్‌దే. అడవిలోకి తీసుకెళ్లేది అది కాదు.

లెక్క ఇలా వేయండి. ఒట్టి రైఫిల్ ఆరు పౌండ్ల ఆరు ఔన్సులు అనుకుందాం. పౌండుకి పదహారు ఔన్సులు, పౌండు అంటే మన 454 గ్రాములు. మామూలు స్కోప్ ఒక పదహారు ఔన్సులు, దాన్ని బిగించే రింగులు, బేసులు నాలుగు, భుజానికి వేసుకునే పట్టీ అయిదు, .308 రకం తూటాలు నాలుగు వేస్తే ఇంకో మూడున్నర. మొత్తం ఎనిమిది పౌండ్లు దాటిపోయింది, అంటే మూడు కేజీల ఏడు వందలు. ఆరు పౌండ్లది కొన్నాననుకుని మీరు మోసేది ఎనిమిది. దూరం కొట్టాలన్న మోజులో పెద్ద స్కోప్ పెట్టించుకుంటే అదొక్కటే ముప్ఫై ఔన్సులకి పోతుంది. రైఫిల్ ముందు ఆనించే రెండు కాళ్ల బైపాడ్ తగిలిస్తే ఇంకో పన్నెండు, పదమూడు.

ఈ లెక్క కాగితం మీద వద్దు, తూచండి. అమెరికాలో ఉన్న ప్రతి తెలుగు ఇంట్లో సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఉంటుంది, ఆవకాయ జాడీలు పెట్టాక ఇరవై మూడు కేజీలు దాటిందో లేదో చూసుకోవడానికి. అది చాలు. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, పట్టీ పట్టుకుని వేలాడదీయండి, తూటాల బరువు విడిగా తూచి కలపండి. ఇకమీద నేను "బరువు" అంటే ఈ మొత్తం బరువే.

రెండో పని: మీది ఏ వేటో తేల్చుకోండి

వేట అని ఒకే మాట అంటాం గానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ కాళ్లు, చేతులు ఏం చేస్తాయన్నది చోటుని బట్టి పూర్తిగా మారిపోతుంది. అందుకే రైఫిల్ బొమ్మలు చూసే ముందు, వెళ్లబోయే చోట మీ రోజు ఎలా గడుస్తుందో గంటల్లో రాసుకోండి. ఎన్ని గంటలు కూర్చుంటారు, ఎన్ని గంటలు నడుస్తారు, నడిచేటప్పుడు రైఫిల్ భుజాన ఉంటుందా, చేతుల్లో ఉంటుందా?

టెక్సస్‌లో ఎక్కువమందిది మంచె వేట. జొన్న చేలో పిట్టలు తోలడానికి మనవాళ్లు వేసుకునే మంచె ఎలాంటిదో అదీ అంతే, కాకపోతే దానికి గోడలు, కిటికీలు, ఒక కుర్చీ. బండి దిగి రెండు వందల గజాలు నడిచి, నిచ్చెనెక్కి, నాలుగు గంటలు కూర్చుంటారు. ఇక్కడ బరువు మీకు శత్రువు కాదు, చుట్టం. తొమ్మిది పౌండ్లున్నా, తొమ్మిదిన్నర ఉన్నా కిటికీ అంచు మీద ఆనించి కొడతారు కాబట్టి కదలదు, కాల్చినప్పుడు భుజాన్ని గట్టిగా తన్నదు. ఇక్కడ చూసుకోవాల్సింది పొడవు. ఇరవై నాలుగు అంగుళాల బ్యారెల్‌కి సైలెన్సర్ కూడా తగిలిస్తే ఆ డబ్బాలో తిప్పడానికి లేక కిటికీకి టంగుమని తగులుతుంది, ఆ చప్పుడుకి జింక ఉండదు. ఇంకొకటి, రైఫిల్ భుజానేసుకుని నిచ్చెన ఎక్కొద్దు. ఖాళీ చేసి, తాడు కట్టి, మీరు పైకెక్కాక లాక్కోండి.

దట్టమైన అడవిలో అడుగు తీసి అడుగు వేసుకుంటూ, ఆగుతూ, వింటూ వెళ్లే వేట వేరు. రైఫిల్ భుజాన ఉండదు, రెండు చేతుల్లో ఉంటుంది, ఎందుకంటే జింక కనబడితే నలభై, అరవై గజాల్లో కనబడుతుంది, మూడు క్షణాలుంటుంది. నాలుగు గంటలు చేతుల్లో మోయడానికి ఆరున్నర నుంచి ఏడున్నర పౌండ్లు సరిపోతుంది. ఈ పనికి .30-30 లాంటి, కింద మీట ఆడించి తూటా ఎక్కించే లీవర్ రైఫిళ్లు అమెరికావాళ్లు వందేళ్ల పైబడి వాడుతున్నారు. పొట్టిగా, పల్చగా ఉంటాయి, మధ్యలో పట్టుకుంటే చేతిలో ఇమిడిపోతాయి.

కొండల వేట గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నేను దెబ్బతిన్నది అక్కడే.

అరకు మన లెక్కలో ఎత్తు, 900 మీటర్ల పైచిలుకు. కొలరాడోలో ఎల్క్ కోసం తిరిగే చోట్లు మూడు వేల మీటర్లు. సముద్రం ఒడ్డున పుట్టిన ఊపిరితిత్తులు అక్కడ మొదటి రోజు వంద అడుగులకోసారి ఆగమంటాయి. మొదటి సీజన్‌కి నేను తీసుకెళ్లింది, షూటింగ్ రేంజ్‌లో బాగా కొడుతోందని మోజుపడ్డ పది పౌండ్ల రైఫిల్, బ్యారెల్ రోకలిలా ఉండేది. మొదటి రోజు బాగానే మోశాను. రెండో రోజు పట్టీ ఎడమ భుజానికీ కుడి భుజానికీ మారుతూనే ఉంది. మూడో రోజు మధ్యాహ్నానికి చేతిలో పట్టుకునే ఓపిక లేక భుజాన వేలాడేసుకుని తల దించుకుని నడుస్తున్నాను, ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి ఒక ఎల్క్, మన కణుజుకి పెద్దన్న లాంటిది, యాభై గజాల్లో దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కనబడుతోంది. నేను పట్టీలోంచి చెయ్యి తీసి, రైఫిల్ ముందుకి తిప్పేసరికి కొమ్మలు కదులుతున్నాయి, అంతే.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. సింహాచలం గిరి ప్రదక్షిణ ఒక్కసారైనా చేసినవాళ్లని అడగండి. ముప్ఫై రెండు కిలోమీటర్లు. మొదట్లో తొలిపావంచా దగ్గర చేతిలోకి తీసుకున్న లీటరు నీళ్ల సీసా అప్పుఘర్ దగ్గర గుర్తే ఉండదు, ఎన్‌ఏడీ దాటాక అదే సీసా ఇనప గుండులా ఉంటుంది. సీసా మారలేదు. రైఫిల్ బరువు ఎంచుకునేటప్పుడు తొలిపావంచా దగ్గర నిలబడి ఆలోచించొద్దు, చివర్లో వచ్చే గోపాలపట్నం దగ్గర నిలబడి ఆలోచించండి.

కొండలకి నా మాట ఏడు నుంచి ఎనిమిది పౌండ్లు. ఇంకా తగ్గించొచ్చు, కానీ దాని కథ కింద చెబుతాను.

వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ అనే జింక లాంటి జంతువు వేట జరిగే బయలు ప్రదేశాల్లో నడక ఉంటుంది గానీ కాల్చేటప్పుడు నేల మీద బోర్లా పడుకుని, గాలి చూసుకుని దూరం కొడతారు, ఎనిమిది నుంచి తొమ్మిది బాగుంటుంది. ప్రెయిరీ డాగ్‌లని, అంటే బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల్ని, రోజుకి వంద తూటాలు కాల్చేవాళ్లకి పది, పన్నెండు పౌండ్లు. పల్చటి బ్యారెల్ నాలుగు తూటాలకే వేడెక్కి గురి చెదిరిపోతుంది, లావుది నిలుస్తుంది. ఆఫ్రికాలో అడవి దున్నకి వాడే .375 లాంటివి తొమ్మిది దాటి ఉండటం ఆ తూటా తన్నుకి అవసరం. మీకు అంత దూరం ఆలోచన ఉంటే ఈ వ్యాసం చాలదు.

రెండు మూడు రకాలు కలిపి వేటాడేవాళ్లు ఎక్కువ నడిచే రకానికి తగ్గట్టు కొనుక్కోండి. కూర్చునే చోట తేలిక రైఫిల్‌ని సంచి మీద ఆనించి సర్దుకోవచ్చు. నడిచే చోట బరువు రైఫిల్‌ని సర్దుకునే ఉపాయం లేదు.

మూడో పని: తన్ను లెక్క చూడండి

మొదటి సీజన్ కోపంలో రెండో ఏడాది నేను ఎదురు తప్పు చేశాను. అన్నీ కలిపి ఆరున్నర పౌండ్ల రైఫిల్, అదీ .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్‌లో. తేలిక రైఫిల్, బరువైన తూటా.

ఇందులో లెక్క చాలా సులువు, పదో తరగతి ఫిజిక్స్. ఒకే తూటాకి, రైఫిల్ బరువు తగ్గిన నిష్పత్తిలోనే తన్ను శక్తి పెరుగుతుంది. ఎనిమిదిన్నర పౌండ్ల రైఫిల్లో .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ తన్ను సుమారు 26 ఫుట్-పౌండ్లు. దాన్నే ఆరున్నర పౌండ్లలో పెడితే 34 దగ్గర. ఏడున్నర పౌండ్ల .308 సుమారు 16, ఎనిమిది పౌండ్ల .30-06 సుమారు 20, ఏడున్నర పౌండ్ల .243 అయితే 9 లోపు. మామూలు మనిషి బెదరకుండా తట్టుకునేది ఇరవై దాకా అనుకోండి. అంతకు మించి తట్టుకునేవాళ్లు లేకపోలేదు, కానీ తట్టుకుంటున్నాననుకునేవాళ్లే ఎక్కువ.

నేనూ అనుకున్నాను. రేంజ్‌లో ఏడో తూటాకి, కొంచెం ముందుకి వంగి స్కోప్ దగ్గరగా కన్ను పెట్టానేమో, స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంగా చీల్చింది. రక్తం కంట్లోకి కారితే గానీ దెబ్బ తగిలిందని తెలియలేదు. మామూలుగా కంటికీ స్కోప్‌కీ మధ్య మూడున్నర, నాలుగు అంగుళాలు ఉండాలి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఇంటావిడ బొట్టు అక్కడ పెట్టుకోమంటుంది. అసలు నష్టం మచ్చ కాదు. ఆ తర్వాత ట్రిగ్గర్ మీద వేలు పెట్టగానే నాకు తెలియకుండానే కళ్లు మూసుకుపోయేవి, భుజం బిగుసుకునేది. ఆ సీజన్‌లో నూట ఎనభై గజాల్లో నిలబడ్డ ఎల్క్‌ని వదిలేసి దాని ముందున్న మట్టిని కొట్టాను.

అందుకే మా వాడికి చెప్పింది: అయిదు పౌండ్ల లోపు ఒట్టి రైఫిళ్లు ఉన్నాయి, కింబర్ మౌంటెన్ ఆసెంట్ లాంటివి, బాగా చేస్తారు కూడా, కానీ అవి ఏళ్ల తరబడి కాల్చి చేయి కుదిరినవాళ్లకి. కొత్తవాళ్లకి తేలిక రైఫిల్ కావాలంటే తూటా కూడా తేలికది కావాలి. .243, 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08, ఈ మూడింట్లో ఏది తీసుకున్నా టెక్సస్ జింకకి ఢోకా లేదు. పులుల వేటగాడు జిమ్ కార్బెట్‌కి 1907లో చంపావత్ పులిని చంపినందుకు బహుమతిగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ, ఇవాళ్టి లెక్కలో చిన్న తూటానే. కుమావూఁ కొండల్లో ఆయన నడిచిన దూరాలు చూస్తే మనకి మ్యాగ్నమ్ ఎందుకో నాకు అర్థం కాదు.

తేలిక రైఫిల్‌తో ఇంకో చిక్కు, నిలబడి గురిపెడితే గాల్లో ఆకులా ఊగుతుంది. కొండెక్కి ఆయాసంతో ఉన్నప్పుడు గుండె కొట్టుకోవడం స్కోప్‌లో కనిపిస్తుంది. కొంచెం బరువుంటే, అదీ ముందు వైపు ఉంటే, ఆ ఊగుడు నెమ్మదిస్తుంది.

నాలుగో పని: ఊరికే మోసి చూడండి

కొనకముందే. సెలవుల్లో వైజాగ్‌లో ఉన్నా చేయొచ్చు, మా వాడి చేత చేయించాను. రెండు అంగుళాల పీవీసీ పైపు మీటరు ముక్క, రెండు మూతలు, తడి ఇసుక. గట్టిగా కూరితే నాలుగు కేజీల పైన వస్తుంది, అంటే తొమ్మిది పౌండ్ల పైచిలుకు. ఇసుక తగ్గించి, మిగతా చోట్లో కదలకుండా పాత గుడ్డలు కుక్కితే మూడు కేజీల రెండు వందలకి, అంటే ఏడు పౌండ్లకి తేవచ్చు. రెండు పైపులు చేసి కైలాసగిరి మెట్ల మీద ఒక రోజు ఇది, ఒక రోజు అది. భుజాన కాదు, చేతుల్లో. మొదటి రోజు మెట్ల దగ్గర ఒక పెద్దాయన మా వాణ్ణి ఆపి, "బాబూ, పైన లీకేజీ ఎక్కడ?" అని అడిగాడు. రెండో రోజు దిగొచ్చాక వాడు అయిదు పౌండ్ల ఊసూ ఎత్తలేదు, పది పౌండ్ల ఊసూ ఎత్తలేదు. ఏడు పౌండ్ల పైపు హాయిగా ఉంది, తొమ్మిదిది రెండో గంటలో మోచేతుల్ని పట్టేసింది అన్నాడు.

అక్కడికి వెళ్లాక అసలు రైఫిల్‌తో రెండు పరీక్షలు. ఒకటి, కింద ఒక వేలు పెట్టి రైఫిల్ ఎక్కడ నిలుస్తుందో చూడండి. కావిడి బద్ద భుజం మీద ఎక్కడ నిలవాలో మోసేవాడికి తెలిసినట్టు, రెండు చేతులూ పట్టుకునే చోట్ల మధ్య నిలిస్తే బరువు సగం తెలియదు. ఎనిమిది పౌండ్లే అయినా ముక్కు బరువుతో కిందికి వాలిపోయే రైఫిల్, సరిగ్గా తూగే ఎనిమిదిన్నర కన్నా ఎక్కువ అలసట తెస్తుంది.

రెండోది, వీలైతే రేంజ్‌లో అద్దెకి తీసుకుని గానీ స్నేహితుడిది అడిగి గానీ కాల్చండి. వంద గజాల్లో భోజనాల కాగితం ప్లేటు పెట్టి, ముందు ఖాళీ చేతులతో పార్కింగ్‌లో రెండు చుట్లు పరిగెత్తి, ఆయాసం తగ్గకముందే రైఫిల్ తీసుకుని కింద కూర్చుని మూడు తూటాలు, మోకాలి మీద మూడు. బల్ల మీద ఆనించి కొట్టింది లెక్కలోకి రాదు. తర్వాత స్నేహితుణ్ణి అసలు తూటా వేస్తున్నాడో డమ్మీ తూటా వేస్తున్నాడో మీకు చెప్పకుండా వేసి ఇమ్మనండి. డమ్మీ పడ్డప్పుడు బ్యారెల్ ముక్కు కిందికి దూకిందంటే మీరు బెదురుతున్నారు, ఆ రైఫిల్ మీకు తేలికైపోయింది లేదా ఆ తూటా మీకు బరువైపోయింది.

తగ్గించాలంటే ఎక్కడ తగ్గించాలి

బ్యారెల్ జోలికి చివర్లో వెళ్లండి. ముందు స్కోప్. ముప్ఫై ఔన్సులది తీసి పన్నెండు, పదమూడు ఔన్సులది పెడితే ఒక్క దెబ్బకి పౌండు పైగా పోతుంది, మూడు వందల గజాల లోపు వేటకి అది చాలు కూడా. తర్వాత రింగులు, బేసులు. చెక్క స్టాక్, అంటే భుజానికి ఆనించి పట్టుకునే రైఫిల్ ఒడలు, మార్చి ఫైబర్ స్టాక్ వేస్తే ఇంకొంత, కానీ భుజానికి ఆనే రబ్బరు ప్యాడ్ మంచిది ఉండాలి, అక్కడ పిసినారితనం వద్దు. బైపాడ్ కొండల్లో ఇంట్లోనే వదిలేయండి, బ్యాగు కింద పెట్టి ఆనిస్తే అదే బైపాడ్. ఇక మీ నడుం చుట్టూ ఉన్న అయిదు కేజీల గురించి నేనేం అనను, నాకూ ఉన్నాయి, కానీ రైఫిల్ మీద అర పౌండు తగ్గించడానికి వెయ్యి డాలర్లు పెట్టేముందు ఒకసారి అద్దంలో చూసుకోండి.

పట్టీ మాత్రం తీసేయొద్దు. జంతువుని కోసి మాంసం బ్యాగులో మోసుకుని దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా కావాలి.

మా వాడు చివరికి .308 కొన్నాడు, కొక్కెం కాటా మీద ఏడు పౌండ్ల పన్నెండు ఔన్సులు. జూన్‌లో ఫొటో పెట్టాడు. అక్టోబర్ చివర్లో ఫోన్ చేసి ఎందుకో బరువుగా అనిపిస్తోంది మావయ్యా అన్నాడు. మళ్లీ తూచమన్నాను, తొమ్మిది దాటింది. స్టాక్‌కి తూటాల పట్టీ, బైపాడ్, స్కోప్ మూతలు, బుడగతో లెవల్ చూపించే పరికరం ఒకటి, ఇంకా స్నేహితులు తగిలించినవేవో. సీజన్‌కి ముందు రోజు మీరూ మళ్లీ తూచండి.